కొండ కనబడని రూం అడిగే మనిషి: తిరుపతిలో అర్బన్ ఫాంటసీ రాయొచ్చా?

ఈసారి ఉత్తరం మా ఊరి నుంచే వచ్చింది. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి రాసింది. పేరు వెయ్యొద్దంది కాబట్టి వెయ్యట్లేదు. రాసినంతవరకు కథ కూడా జతచేసింది. ఉత్తరాన్ని కాస్త కుదించి ఇస్తున్నా:

“అక్కా, నాకు ఎక్కువగా నైట్ డ్యూటీయే పడుతుంది. అర్ధరాత్రి దాటాక బెంగళూరు, చెన్నై బస్సులు దిగేదాకా కాస్త తీరిక దొరికితే ఫోన్లో ఒక కథ టైప్ చేస్తున్నా. మా లాడ్జికి ఏడాదికోసారి ఒకాయన వస్తాడు. ఆయనకి నీడ ఉండదు. అందరూ కొండ కనబడే రూం కావాలంటారు, ఈయన మాత్రం కొండ కనబడని రూం అడుగుతాడు. పాత రిజిస్టర్లు తిరగేస్తే నలభై ఏళ్ల కిందట కూడా అదే సంతకం ఉంటుంది. ఇంతవరకు రాశా. నా ఫ్రెండ్ చదివి ఇది అర్బన్ ఫాంటసీ అంది. మా అన్నేమో, అర్బన్ ఫాంటసీ అంటే లండన్, న్యూయార్క్, వాంపైర్లు, తోడేలు మనుషులు, నీది ఉత్త దయ్యం కథ, దానికంత పెద్ద పేరెందుకు అని నవ్వాడు. అసలు అర్బన్ ఫాంటసీ అంటే ఏందక్కా? జనం దాన్ని ఎందుకంత ఇష్టంగా చదువుతారు? ఇంకోటి, దేవుడి ఊళ్లో ఉంటా ఇట్లాంటివి రాస్తే తప్పని అమ్మ అంటోంది. నిజంగా తప్పా?”

చెల్లీ, ముందు మీ అన్న సంగతి తేల్చేద్దాం. ఆయన్నొక్కడినే అనడానికి లేదు. 2000 తర్వాత ఇంగ్లీషులో ఈ పేరుతో వచ్చిన పుస్తకాల అట్టలు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు, లెదర్ జాకెట్ వేసుకున్న అమ్మాయి, చేతిలో కత్తో తుపాకీయో, వెనకాల పున్నమి చంద్రుడు. అమ్మకాలు బాగా ఉన్నాయి కాబట్టి అందరూ అదే అట్ట వేసుకున్నారు. కానీ ఈ రకం కథలు మొదలైంది అక్కడ కాదు. అంతకుముందు ఫాంటసీ అంటే అడవులు, కోటలు, రాజులు, గుర్రాలు, ఎప్పటిదో తెలియని కాలం. 1980ల్లో అమెరికా, కెనడాల్లో కొంతమంది రచయితలు ఆ అడవుల్లోని మాయజాతుల్ని, మంత్రాల్ని తెచ్చి తాము ఉంటున్న ఊళ్లలోకి, ఆ రోజు నడుస్తున్న రోడ్ల మీదికి వదిలారు. ఎమ్మా బుల్ 1987లో రాసిన ‘వార్ ఫర్ ది ఓక్స్’ ఈ పద్ధతికి దారి వేసిన నవలల్లో ఒకటి. రాక్ బ్యాండ్‌లో పాడే ఒక అమ్మాయిని రెండు మాయజాతుల యుద్ధంలోకి లాగుతారు, ఆ యుద్ధం జరిగేది మినియాపొలిస్‌లో, నిజంగా అక్కడున్న జలపాతం దగ్గర, నిజంగా ఉన్న వీధుల్లో. లండన్ కాదు, న్యూయార్కూ కాదు, మినియాపొలిస్. చలి తప్ప ఇంకేం గుర్తుకురాని ఊరు అని బయటివాళ్లు అనుకునే ఊరు. కాబట్టి తిరుపతి సరిపోదన్న వాదన అక్కడికక్కడే కొట్టుకుపోయింది, మీ అన్నకి చెప్పు.

ఆ తర్వాత ఇది రకరకాలుగా పాకింది. డిటెక్టివ్ కథలతో కలిసింది. జిమ్ బుచర్ 2000లో మొదలుపెట్టిన వరసలో షికాగోలో ఒక మాంత్రికుడు బోర్డు పెట్టుకుని ప్రైవేట్ డిటెక్టివ్‌గా బతుకుతాడు, అద్దె కట్టడానికి కిందామీదా పడుతూ. 1998లో రష్యన్‌లో లుక్యానెంకో రాసిన ‘నైట్ వాచ్’లో మాస్కోలో వెలుగు పక్షం, చీకటి పక్షం ఒడంబడిక చేసుకుని, ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకుని ఉంటారు, వాంపైర్‌కి వేటాడాలంటే లైసెన్సు కావాలి. సోవియట్ ఆఫీసుల్లో తిరిగిన పాఠకులకి ఆ లైసెన్సు సంగతి ఎంత నవ్వు తెప్పించి ఉంటుందో ఊహించుకో. 2011లో బెన్ ఆరనోవిచ్ లండన్ నదులకి మనుషుల రూపాలిచ్చి, ఒక మామూలు కానిస్టేబుల్‌ని వాళ్ల తగాదా తీర్చమని పంపాడు. మన గంగ, యమున, స్వర్ణముఖి అన్నీ అమ్మవార్లే కదా, ఇందులో కొత్తేముంది అని నువ్వనొచ్చు. కొత్తదనం కానిస్టేబుల్‌లో ఉంది. నదీదేవత దగ్గరికి వెళ్లి స్టేట్‌మెంట్ రాసుకోవాల్సిన ఉద్యోగంలో ఉంది.

ఇంతకీ అర్బన్ ఫాంటసీ అంటే ఏంది? ఒక ఊరు, అది ఇవాళ్టి ఊరో, ఇవాళ్టికి దగ్గర్లో ఉన్న ఊరో. ఆ ఊళ్లోనే, పక్కవీధిలోనే, మామూలు జనానికి తెలియని ఇంకో లోకం, దానికంటూ కట్టుబాట్లు. ఆ రెండింటికీ మధ్య నలుగుతూ నడవాల్సిన ఒక మనిషి. పుస్తకాల్లో దొరికే నిర్వచనం కాస్త అటూఇటూగా ఇంతే. నేను దీనికి ఇంకొకటి కలుపుతాను, నా దృష్టిలో అసలుది అదే: ఆ కథలో ఊరు పని చెయ్యాలి. మాయ ఆ ఊరి పద్ధతుల్లోంచి పుట్టాలి, ఆ ఊరి రూల్స్‌కి తట్టుకుని పడాలి. కథని ఎత్తుకెళ్లి నెల్లూరులో పెట్టి చూడు. ఏమీ విరగకపోతే, ఏమీ మార్చక్కర్లేకపోతే, అది ఊరి పేరున్న ఫాంటసీ అవుతుంది గానీ అర్బన్ ఫాంటసీ కాదు.

ఈ పరీక్ష నీ కథకే పెడదాం. నీడ లేని మనిషి నెల్లూరులోనూ ఉంటాడు, పారిస్‌లోనూ ఉంటాడు, వందేళ్ల కిందటి కథల్లోనూ ఉన్నాడు. ఆయన నీడ తీసెయ్ (అంటే నీడ లేదన్న ముక్క తీసెయ్, పాపం నీడ ఆయనకి తిరిగిచ్చెయ్). కొండ కనబడని రూం అడిగే మనిషి మాత్రం తిరుపతిలో తప్ప ఇంకెక్కడా పుట్టడు. ఈ ఊరికి వచ్చే ప్రతి మనిషీ బస్సు కిటికీలోంచి మొదట వెతికేది కొండనే, కనబడగానే చేతులు జోడిస్తారు, ఇంజినీరింగ్ కాలేజీ పిల్లకాయలు కూడా ఫోన్ పక్కన పెట్టి ఒకసారి చూస్తారు. అలాంటి ఊళ్లో కౌంటర్ దగ్గర నిలబడి, “కొండ కనబడకూడదమ్మా” అని అడిగేవాడు ఎవడై ఉంటాడు? ఎందుకు చూడకూడదు? చూస్తే ఏమవుతుంది? చూడకూడనివాడు ఏడాదికోసారి ఈ ఊరికే ఎందుకొస్తాడు? ఒక్క వాక్యంతో ఇన్ని ప్రశ్నలు వచ్చాయి, నీడ గురించి నువ్వు రాసిన పేరా మొత్తం చదివినా నాకు ఒక్క ప్రశ్న రాలేదు.

దయ్యం కథకీ దీనికీ తేడా అడిగావు. దయ్యం కథలో వచ్చింది పోవాలి, లేదా మనం పారిపోవాలి. భయం పెరగాలి, చివరికి మంత్రగాడో, పూజారో, చావో దాన్ని తేల్చాలి. యండమూరి నవల ‘తులసిదళం’లో చేతబడి వచ్చి పడేది చదువుకున్న, ఉద్యోగం చేసుకునే కుటుంబం మీదే, అయినా దాన్ని హారర్ అనే అంటాం, ఎందుకంటే ఆ పాపని ఎలా కాపాడాలన్నదే మన ఊపిరి. అర్బన్ ఫాంటసీలో వచ్చినవాడు పోడు. ఇక్కడే ఉంటాడు, వాడికి ఇక్కడ పనుంది, బహుశా రేషన్ కార్డు కూడా ఉంది. వాడితో బేరం కుదుర్చుకోవాలి, వాడి హద్దేంటో మన హద్దేంటో మాట్లాడుకోవాలి. నీ కథలో ఆ అమ్మాయి భయపడి పారిపోకుండా ఏం చేస్తోంది? తాళం తీసి చేతికిస్తోంది. ఐడీ అడుగుతోంది. అడ్వాన్స్ తీసుకుంటోంది. కాబట్టి నీ ఫ్రెండ్ చెప్పిందే రైటు.

మన సినిమాల్లో సోషియో ఫాంటసీ ఉంది కదా, అదీ ఇదీ ఒకటేనా అని తర్వాత ఉత్తరంలో అడుగుతావని ఇప్పుడే చెప్తున్నా. చుట్టాలే, ఒక ఇల్లు కాదు. 1977లో ‘యమగోల’, 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, ఇవన్నీ మనకి ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. యముడు భూమ్మీదికి వస్తాడు, దేవకన్య ఉంగరం కోసం మన మధ్యకి వస్తుంది, ఇక్కడి పద్ధతులు తెలియక తికమక పడుతుంటే మనం నవ్వుతాం. అక్కడ దేవలోకం పైన ఉంది, మన లోకం కింద ఉంది, మధ్యలో రాకపోకలు. వచ్చినవాళ్లు అతిథులు. అర్బన్ ఫాంటసీలో పైన, కింద లేదు. వాళ్లు మనకంటే ముందునుంచే ఈ ఊళ్లో కాపురం ఉన్నారు, ఆ మాటకొస్తే మనమే అతిథులమేమో. మేజిక్ రియలిజం సంగతి ఒక్క ముక్కలో: అందులో వింత జరిగితే ఎవరూ ఆశ్చర్యపోరు, దాని రూల్స్ ఏంటని ఎవరూ అడగరు. ఇందులో అడుగుతారు, అడగడమే సగం కథ.

ఇక జనం ఎందుకు చదువుతారన్నది. రోజూ నడిచే దారి మళ్లీ కొత్తగా కనబడుతుందని చాలామంది చెప్తారు, నిజమే. లీలామహల్ సర్కిల్ మీద ఫ్లైఓవర్ కింద స్కూటర్ ఆపుకుని సిగ్నల్ కోసం చూసే మనిషికి, ఆ స్తంభాల్లో ఒకదాని కింద ఎవరో కాపలా ఉన్నారని ఒక కథ చెప్తే, ఆ స్తంభం ఇక మామూలు స్తంభం కాదు. కానీ నాకు అంతకంటే గట్టి కారణం ఇంకోటి కనబడుతుంది. ఈ కథల్లో ఊరి రహస్యాలు తెలిసినవాళ్లు ఎవరో చూడు. రాజకుమారుడు కాదు, జాతకంలో రాసిపెట్టి పుట్టినవాడు కాదు. నైట్ డ్యూటీ నర్సు, ఆటో డ్రైవర్, కానిస్టేబుల్, పార్సిల్ ఆఫీసులో గుమాస్తా, మార్చురీలో పనిచేసేవాడు, లాడ్జి రిసెప్షన్‌లో అమ్మాయి. అందరూ నిద్రపోయాక మేలుకుని ఉండేవాళ్లు. పగలు వాళ్లని ఎవరూ పట్టించుకోరు, “ఏయ్, వేడినీళ్లు రావట్లేదు” అనడానికి తప్ప. కథలో మాత్రం ఊరి గుట్టంతా వాళ్ల చేతిలో ఉంటుంది. పెద్ద ఊళ్లలో చిన్న ఉద్యోగాలు చేసే కోట్లమందికి ఈ కథలు ఎందుకు నచ్చుతాయో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, నువ్వు అర్ధరాత్రి కౌంటర్ వెనక కూర్చుని ఈ కథే ఎందుకు మొదలుపెట్టావో నిన్ను నువ్వే అడుగు.

రెండోది రూల్స్. పెద్ద ఊళ్లో బతుకంతా రూల్సే కదా, అదీ ఎవరు పెట్టారో తెలియని రూల్స్. ఈ కౌంటర్ కాదు ఆ కౌంటర్, జిరాక్స్ రెండు కావాలి, సర్వర్ డౌన్. నిజం ఆఫీసుల్లో ఆ రూల్స్ మన చేతికి అందవు. ఈ కథల్లో అందుతాయి. ఎంత పెద్ద రాక్షసుడైనా మాట ఇచ్చాక కట్టుబడాల్సిందే, గడప దాటాలంటే పిలవాల్సిందే, బాకీ ఉంటే కట్టాల్సిందే. తెలివిగా చదివి, మెలిక పట్టుకుని, బలం లేని మనిషి బలమున్నవాణ్ణి నిలదీయొచ్చు. కండబలంతో గెలిచే కథ కన్నా కాగితంలో మెలిక పట్టి గెలిచే కథ మనకెప్పుడూ ఎక్కువ నచ్చుతుంది, తెనాలి రామలింగడి కథలు చెప్పుకుని పెరిగినవాళ్లం మరి.

ఇప్పుడు నిన్ను కాస్త ఇబ్బంది పెట్టే విషయం చెప్తాను, ఎందుకంటే తిరుపతిలో ఇది రాయడంలో అసలు చిక్కు నువ్వు అడిగిన చోట లేదు.

ఇంగ్లీషు అర్బన్ ఫాంటసీలో సగానికి పైగా ఒక ఏర్పాటు మీద నడుస్తాయి: మామూలు జనం ఇవేమీ నమ్మరు, అందుకే వాళ్లకి కనబడవు. షికాగోలో మాంత్రికుడు బోర్డు పెట్టుకున్నా జనం నవ్వి పోతారు. నమ్మకపోవడమే తెర. మన ఊళ్లో ఆ తెర ఎక్కడ కడతావు? ఇక్కడ అద్భుతానికి టైంటేబుల్ ఉంది, ప్రసాదం ఉంది, ఆన్‌లైన్ బుకింగ్ ఉంది. రోజుకి 60, 70 వేల మంది దాన్ని నమ్మే వస్తున్నారు. నీ కథలో ఒక మనిషి గాల్లోకి లేచాడనుకో, న్యూయార్క్‌లో అయితే జనం కళ్లు నులుముకుంటారు, ఇక్కడ గోవిందా అని దణ్ణం పెట్టి హారతి పళ్లెం తెస్తారు. అంటే అక్కడి పద్ధతిని ఇక్కడికి తెచ్చి అతికిస్తే కుదరదు. మన కుర్రాళ్లు రాసిన కథలు కొన్ని నాకు వస్తుంటాయి, వాటిలో చాలావరకు ఇక్కడే తేలిపోతాయి, “ఈ రోజుల్లో ఇలాంటివి ఎవరు నమ్ముతారు” అని ఒక పాత్ర చేత అనిపిస్తారు, అదీ అలిపిరి దగ్గర నిలబడి. ఎవరు నమ్ముతారా? నీ వెనక క్యూలో ఉన్నవాళ్లంతా నమ్ముతారు నాయనా.

నేనైతే ఇలా ఆలోచిస్తాను. మన ఊళ్లో దాచేది అపనమ్మకం కాదు, గుంపు. వచ్చినవాళ్లంతా ఒక్కదాన్ని చూడ్డానికి వస్తారు. చూపంతా పైకే. కాబట్టి కింద ఏం జరిగినా ఎవరికీ కనబడదు. స్టేషన్ ఎదురుగా సత్రం మెట్ల మీద ఎవరెవరు పడుకుని ఉన్నారో, వాళ్లలో నిన్నా మొన్నా కూడా ఉన్నవాడెవడో, కొండకి ఎప్పుడూ వెళ్లకుండా కిందే తిరిగేవాడెవడో ఎవరు చూస్తారు? గుండు కొట్టించుకుని తలకి గంధం పూసుకున్నవాళ్లు రోజూ వేలల్లో దిగుతారు, మొహాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఇంతకంటే మంచి మారువేషం ప్రపంచంలో ఏ ఊరైనా ఇస్తుందా? అరవం, కన్నడం, మరాఠీ, హిందీ అన్నీ వినబడే బస్టాండులో ఎవడైనా ఏ కాలపు భాష మాట్లాడినా, పక్కవాడు ఇంకేదో రాష్ట్రం అనుకుంటాడు. ఇదంతా తెలిసేది యాత్రికుడికి కాదు, ఇక్కడ పనిచేసేవాళ్లకి. నీకు. కాబట్టి నీ కథలో తెర ఇది: అందరూ నమ్ముతారు, ఎవరూ చూడరు. ఇది ఇంగ్లీషు పుస్తకాలు చదివినా దొరకదు, తిరుపతిలో నైట్ డ్యూటీ చేస్తే దొరుకుతుంది.

ఇంకో బంగారు గని నీ కాళ్ల కిందే ఉంది, గంగమ్మ జాతర. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి ముందు చాటింపు వేస్తారు కదా. చాటింపు అయ్యాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి వెళ్లకూడదని, బయటివాళ్లు ఊళ్లో రాత్రి నిద్ర చెయ్యకూడదని పెద్దవాళ్లు చెప్తుంటారు. ఇప్పుడు నీ లాడ్జి గుర్తుచేసుకో. చాటింపు పడిన రాత్రి లాడ్జి నిండా బయటివాళ్లే. ఓనర్ రూం ఖాళీగా ఉంచనివ్వడు, యాత్రికులకి ఈ కట్టు సంగతే తెలియదు, తెలిసిన నువ్వొక్కదానివే కౌంటర్లో ఉన్నావు. పాలెగాడు ఆడవాళ్లని చెరుస్తుంటే గంగమ్మ రోజుకో వేషం వేసుకుని వాణ్ణి వెతికిన కథ నీకు చిన్నప్పటినుంచీ తెలుసు. బైరాగి, బండ, తోటి వేషాలయ్యాక దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి నరికింది, ఆ తర్వాత మాతంగి వేషంలో వాడి పెళ్లాన్ని ఓదార్చడానికి వెళ్లింది. దాక్కున్నవాడు, వేషాలు మార్చి వీధి వీధీ వెతికే అమ్మవారు, ఆ రోజుల్లో మూతపడే పొలిమేర. దీన్ని అర్బన్ ఫాంటసీ కాదనగలిగేవాడు ఉంటే నాకు చూపించు. వాడు ఇంకా దాక్కునే ఉంటే ఎక్కడ దాక్కుంటాడు? ఐడీ సరిగా చూడని లాడ్జిలో. ఏ రూం అడుగుతాడు అన్నది నీ ఇష్టం, నేనైతే ఇక్కడితో ఆపుతున్నా, మొత్తం నేనే చెప్పేస్తే నీకేం మిగులుతుంది.

ఒక జాగ్రత్త. మాయకి ఖరీదు ఉండాలి. ఏదైనా జరగొచ్చు అంటే కథలో ఏదీ జరగనట్టే. ఖరీదు ఎలా ఉండాలో చూడాలంటే చిత్తూరు పక్కన కాణిపాకం చాలు. అక్కడ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చెయ్యడానికి ఎంత మొండివాడైనా జంకుతాడు, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి “కాణిపాకానికి పద” అంటే సగం తగాదాలు దారిలోనే తీరిపోతాయి, రాజకీయ నాయకులు కూడా ఒకరినొకరు అక్కడికి రమ్మని సవాళ్లు విసురుకుంటారు. చూడు ఎంత పొందికగా ఉందో: ఒక చోటు, ఒక పని, ఒక ఫలితం. అక్కడి మాయ వంటనూనె డబ్బా కూడా కదిలించదు, మనిషి నోటిని మాత్రం కట్టేస్తుంది. నీ పెద్దమనిషికి కూడా ఇలాంటి ఒక్క కట్టు పెట్టు, కొండని చూడకూడదు అన్నది ఇప్పటికే ఉంది, అది చాలు, ఇక గాల్లో ఎగరడం, గోడలోంచి రావడం ఏవీ వద్దు. పైగా తిరుపతిలో కొండని చూడకుండా రోజంతా గడపడమంటే మామూలు శిక్ష కాదు. ఆయన బస్టాండు నుంచి నీ లాడ్జి దాకా ఎలా నడిచి వచ్చాడో ఒకసారి నువ్వే నడిచి చూసి రాయి, ఏ సందులో తల ఎత్తితే కొండ కనబడుతుందో, ఏ బిల్డింగ్ అడ్డమొస్తుందో. ఆ నడక ఒక్కటే మంచి అధ్యాయం అవుతుంది.

ఇక అమ్మ భయం. దాన్ని తీసిపారెయ్యకు, ఆవిడ చెప్పేదాంట్లో న్యాయం ఉంది, కానీ నువ్వు భయపడేటంత లేదు. మన ఊరు తన దేవుడి గురించి చెప్పుకునే కథలు గుర్తుచేసుకో. పెళ్లికి కుబేరుడి దగ్గర పత్రం రాసి అప్పు చేశాడు, ఇంకా వడ్డీ కడుతూనే ఉన్నాడు. ఆ డబ్బు కొలిచీ కొలిచీ అలసిపోయి గోవిందరాజస్వామి కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడు. హథీరాం బావాజీతో రాత్రిళ్లు పాచికలాడాడు, ఆయన్ని రాజు బంధిస్తే ఏనుగై వచ్చి గది నిండా ఉన్న చెరకంతా తినేసి పోయాడు. రాత్రిపూట తిరుచానూరుకి నడిచి వెళ్లడం వల్ల చెప్పులు అరిగిపోతాయట. అప్పు, వడ్డీ, జూదం, అరిగిన చెప్పులు. భక్తితో చెప్పుకున్న కథలే ఇవన్నీ, దేవుణ్ణి ఊరి మనిషిని చేసుకుని చెప్పుకున్నవి. కాబట్టి ఊహించడం తప్పు కాదు. వెక్కిరించడం వేరే సంగతి, అది నీ ఉత్తరంలో నాకు కనబడలేదు.

అయినా నా సలహా ఏంటంటే, కొండమీది స్వామిని కథలో పాత్ర చెయ్యకు. గొడవలవుతాయని మాత్రమే కాదు (అవొచ్చు, నువ్వు ఇదే ఊళ్లో ఉద్యోగం చేసుకోవాలి, సోషల్ మీడియాలో ఒక్క ముక్క తెగ్గోసి తిప్పితే అమ్మకి నిద్ర ఉండదు). కథకే నష్టం. అన్నీ తెలిసినవాడు, అన్నీ చెయ్యగలిగినవాడు కథలోకి దిగితే మిగతావాళ్లకి పనేముంటుంది, టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన్ని అక్కడే ఉండనీ. నీ కథ కొండ నీడలో ఉన్నవాళ్లది, పైకి వెళ్లలేనివాళ్లది, వెళ్లనివాళ్లది. గంగమ్మని వాడుకున్నా అమ్మవారిని నేరుగా చూపించక్కర్లేదు, జాతరలో వేషం కట్టినవాళ్లు ఊరంతా తిరుగుతూనే ఉంటారు, వాళ్లలో ఎవరు వేషమో ఎవరు కాదో చెప్పకుండా వదిలెయ్.

భాష గురించి కూడా ఒక మాట. నువ్వు ఉత్తరంలో “ఏందక్కా”, “ఉంటా” అని హాయిగా రాశావు, కథలో మాత్రం “ఆగంతకుడు”, “వికటాట్టహాసం” అని మొదలెట్టావు. లాడ్జిలో ఎవరూ ఆగంతకుణ్ణి చూడరు, “ఆ 204లో ఆయన” అంటారు. అలాగే రాయి. మాయ ఎంత పెద్దదైతే మాట అంత మామూలుగా ఉండాలి, అప్పుడే నమ్ముతాం. ఒంటరిగా వచ్చిన మగవాడికి రూం ఇవ్వాలంటే మన ఊళ్లో చాలా లాడ్జీలు వెనకాడతాయి కదా, ఆ సంభాషణ పెట్టు, “ఫ్యామిలీ లేకుండా ఇవ్వం సార్” అని నువ్వు రోజూ అనే మాటే ఆయనతోనూ అనిపించు, ఆయన ఏం జవాబిస్తాడో చూద్దాం.

ప్రేమకథ కలపమని నీ ఫ్రెండ్ అందని చివర్లో రాశావు. కలపొచ్చు, ఇంగ్లీషులో అదో పెద్ద శాఖే. కానీ ప్రేమ తీసేస్తే కథ పడిపోయేలా ఉంటే పాఠకులు దాన్ని ప్రేమకథగానే చదువుతారు, ఊరు వెనక్కి పోతుంది. మొదటి కథకి నేనైతే వద్దంటాను.

చివరిగా ఒక చిన్న సందేహం, నీకే తెలిసిన విషయం కాబట్టి నిన్నే అడుగుతున్నా. లాడ్జీలో పాత రిజిస్టర్లు నలభై ఏళ్లు దాచిపెడతారా? చెదలు, వర్షం, ఓనర్ మారడం, కంప్యూటర్ రావడం ఇవన్నీ దాటి? దాచకపోతే ఆ సంతకం వేరే చోట దొరకాలి, కరెంటు బిల్లుల కట్టలోనో, గోడకి కట్టిన పాత ఫొటో వెనకో, లేదా ఆయన్ని ముప్పై ఏళ్లుగా చూస్తూ కూడా ఎవరికీ చెప్పని పాత రూంబాయ్ ఒకాయన ఉండాలి. మీ మేనేజర్‌ని అడిగి తెలుసుకుని, ఆ భాగం సరిచేసి పంపు.